కుటుంబ వీసా: నెల్లూరు తీరం వలసల్లో దాని చరిత్ర

విదేశంలో నివాస హక్కు ఉన్న వ్యక్తి తన భార్యను లేక భర్తను, పిల్లలను, కొన్ని దేశాల్లో తల్లిదండ్రులను, తోబుట్టువులను పిలిపించుకోవడానికి ఆ దేశం ఇచ్చే అనుమతి కుటుంబ వీసా. మద్రాసు రేవు దగ్గర కావడంతో నెల్లూరు తీరవాసుల వలసకు ఒకటిన్నర శతాబ్దాల చరిత్ర ఉంది.

నేటాల్ కాలం

1860 నవంబరు 16న, చెరకు తోటల్లో పనికి ఒప్పందం మీద వెళ్లిన మద్రాసు కూలీలతో ట్రూరో ఓడ దక్షిణాఫ్రికాలోని నేటాల్ రేవు డర్బన్ చేరింది. 1911లో నియామకాలు ఆగేదాకా లక్షా యాభై వేలకు పైగా భారతీయులు నేటాల్ వెళ్లారు. వారిలో దాదాపు మూడింట రెండు వంతులు మద్రాసులో ఓడ ఎక్కినవారే. ఓడ జాబితాల్లో కూలీ పేరుతోపాటు జిల్లా, తాలూకా, ఊరు రాసేవారు. నెల్లూరు పేరూ వాటిలో కనిపిస్తుంది. నూరుమంది మగవారికి నలభైమంది ఆడవారు ఉండాలని నిబంధన ఉన్నా, ఇల్లాలినీ పిల్లలనూ ఊళ్లో వదిలి వెళ్లినవారూ ఉన్నారు.

1895 చట్టం ప్రకారం, ఒప్పందం తీరిన కూలీ అక్కడే ఉండిపోవాలంటే ఏటా 3 పౌన్ల పన్ను కట్టాలి. 1903లో దీన్ని పదహారేళ్లు దాటిన కొడుకులకు, పదమూడేళ్లు దాటిన కూతుళ్లకు కూడా విధించారు. అంటే కుటుంబంతో ఉండటమే ఖరీదైపోయింది. 1913 మార్చి 14న కేప్ సుప్రీంకోర్టు న్యాయమూర్తి సెర్ల్ ఇచ్చిన తీర్పు అంతకన్నా పెద్ద దెబ్బ. బహుభార్యాత్వాన్ని అనుమతించే మతాచారం ప్రకారం జరిగిన పెళ్లిని ఆ తీర్పు గుర్తించలేదు. దాంతో ఇండియాలో ఉన్న భార్యను తెచ్చుకునే హక్కే సందేహంలో పడింది. అప్పటిదాకా వెనక ఉన్న స్త్రీలు గాంధీ నడిపిన సత్యాగ్రహంలోకి దిగారు. సెప్టెంబరులో గాంధీ భార్య కస్తూర్బా అరెస్టయ్యారు. ట్రాన్స్‌వాల్ తమిళ స్త్రీలు న్యూకాజిల్ బొగ్గు గనులకు వెళ్లి కార్మికులను సమ్మెకు కదిలించారు. 1914 జులైలో వచ్చిన భారతీయుల ఉపశమన చట్టం 3 పౌన్ల పన్నును రద్దు చేసి, ఒక భార్యను, ఆమె మైనరు పిల్లలను గుర్తించింది. కూలీలూ ఆడవాళ్లూ జైలుకెళ్లి గెలుచుకున్న ఘనమైన హక్కు ఇది. 1953లో దక్షిణాఫ్రికా ప్రభుత్వం ఇండియా నుంచి భార్యను తెచ్చుకునే ఆ దారి మూసేసింది.

నేటాల్‌లా కాక, బర్మా 1937 దాకా బ్రిటిష్ ఇండియాలో భాగమే కాబట్టి, అప్పటిదాకా రంగూన్ వెళ్లిన కుటుంబాలకు వీసా ఊసే లేదు.

అమెరికా

1946 చట్టం భారతీయులకు ఏటా వంద వీసాలే కేటాయించింది. 1965 అక్టోబరు 3న సంతకమైన చట్టం బంధుత్వానికి పెద్దపీట వేసింది. పౌరుల జీవిత భాగస్వాములు, 21 ఏళ్లలోపు అవివాహిత పిల్లలు, 21 నిండిన పౌరుల తల్లిదండ్రులకు సంఖ్యా పరిమితి లేదు. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లకు మాత్రం ప్రపంచమంతటికీ కలిపి ఏటా 65,000 వీసాలే. ఏ ఒక్క దేశానికీ 7 శాతం మించరాదన్న నియమం వల్ల భారతీయులు పదేళ్లకు పైగా వేచి ఉంటారు. ఈలోగా వారి పిల్లలకు 21 దాటి, వెంట వెళ్లే అర్హత పోతుంది. అలాంటి పిల్లల్లో కొందరికే 2002 చట్టం ఊరటనిచ్చింది. హెచ్-1బి వీసాపై పనిచేసే ఉద్యోగుల జీవిత భాగస్వాములు హెచ్-4 వీసా మీద వెళ్తారు. గ్రీన్‌కార్డు (శాశ్వత నివాస అనుమతి) ప్రక్రియ ఒక దశకు చేరిన కుటుంబాల్లో వారు ఉద్యోగం చేసుకోవడానికి 2015 మే 26 నుంచి వీలు కలిగింది.

కువైట్

నెల్లూరు జిల్లా నుంచి గల్ఫ్ వెళ్లే స్త్రీలలో చాలామంది ఇంటిపనికి వెళ్తారు. కువైట్ నివాస నిబంధనల ప్రకారం వారిది ఆర్టికల్ 20 వీసా, కంపెనీ ఉద్యోగులది ఆర్టికల్ 18, కుటుంబానిది ఆర్టికల్ 22. కుటుంబాన్ని తెచ్చుకోవడానికి ఉండాల్సిన నెల జీతాన్ని 2016లో 450 దినార్లకు, 2019లో 500కు, 2024లో 800కు పెంచారు. 2016లోనే ఇంటిపనివారికి ఖరారు చేసిన కనీస వేతనం 60 దినార్లు. జీతం మాట అటుంచి, ఆర్టికల్ 20 మీద ఉన్న తల్లికి బిడ్డను పిలిపించుకునే అర్హతే లేదు. వందేళ్ల కిందట చెరకు తోటల కూలీలకు దక్కిన హక్కు ఈమెకు ఇంకా దక్కలేదు. కాబట్టి ఏజెంటుకు డబ్బు కట్టేముందే వీసా ఏ ఆర్టికల్ కిందిదో అడగాలి. ఆ ఏజెంటు పేరు ప్రభుత్వ ఈ-మైగ్రేట్ జాబితాలో ఉందో లేదో చూసుకోవాలి.