కాలమును లెక్కించు ప్రోగ్రాము - పేటెంటు పరిశీలకుని ప్రశ్నలు

క్రిందటి సంవత్సరము మా కళాశాలలో బి.యస్సీ. రెండవ సంవత్సరము చదువుచున్న ఒక విద్యార్థి నా వద్దకు వచ్చి తన సెల్‌ఫోనును చూపించెను. అతడు స్వయముగా వ్రాసిన ప్రోగ్రాము ఒకటి అందులో నడచుచుండెను. ఏ యాప్‌ను రోజుకు ఎన్ని నిమిషములు వాడితిమో అది లెక్క కట్టును. రాత్రికి పట్టిక వేసి చూపును. మనము పెట్టుకొన్న పరిమితి దాటినచో హెచ్చరించును. హాస్టలులోని మిత్రులు పదిమంది అప్పటికే దానిని వాడుచుండిరి. "సార్, దీనికి పేటెంటు తీసుకోవచ్చా? ఎవరైనా ఎత్తుకుపోతారేమోనని భయంగా ఉంది" అని అతడు అడిగెను.

ప్రశ్న చిన్నదే. కాని సమాధానము చెప్పుటకు నూరేండ్లకు మించిన చరిత్రను తిరగవేయవలసి వచ్చినది. ఆ చరిత్రనే ఇక్కడ చదువరులకు మనవి చేయుచున్నాను.

పేటెంటు అనగా ప్రభుత్వమునకును, క్రొత్తది కనిపెట్టినవానికిని మధ్య జరుగు ఒక బేరము. కనిపెట్టినవాడు తన విద్యను దాచుకొనక, ఆ విషయము తెలిసిన మరియొకడు చదివి చేయగలుగునట్లు వివరముగా వ్రాసి లోకమునకు వెల్లడి చేయవలెను. అందుకు ప్రతిఫలముగా, దరఖాస్తు పెట్టిన నాటినుండి 20 సంవత్సరములపాటు, అతని అనుమతి లేక ఇతరులెవ్వరును దానిని తయారు చేయరాదు, వాడరాదు, అమ్మరాదు. గడువు తీరినంతనే అది అందరి సొత్తగును. ఈ బేరములో ప్రజలు నష్టపోకుండ కాపాడువాడే పేటెంటు పరిశీలకుడు. అతడు ముఖ్యముగా నాలుగు ప్రశ్నలు వేయును. ఇది అసలు పేటెంటుకు తగిన వస్తువేనా? ఇంతకు ముందెక్కడనైన ఉన్నదా? ముందున్నదానినిబట్టి ఆ విద్య తెలిసినవాడు తేలికగా ఊహింపగలిగినదా? పరిశ్రమలో ఉపయోగపడునా? నాలుగవ ప్రశ్న మా విద్యార్థికి అడ్డు కాదు. చిక్కంతయు తక్కిన మూడింటిలోనే కలదు.

మొదట రెండవ ప్రశ్నను చూతము. మనిషి గడిపిన కాలమును యంత్రముచేత లెక్కింపజేయుట నిన్నమొన్నటి సంగతి కాదు. అమెరికాలో న్యూయార్కు రాష్ట్రమందలి ఆబర్న్ పట్టణమున విల్లర్డ్ బండీ అను నగల వర్తకుడు ఒక విచిత్రమైన గడియారమును నిర్మించి 1890లో పేటెంటు పొందెను. ఫ్యాక్టరీలో ప్రతి కార్మికునికి ఒక సంఖ్య గల తాళపుచెవి ఉండును. పనికి వచ్చునప్పుడును, పోవునప్పుడును దానిని గడియారములో పెట్టి త్రిప్పినచో, కాగితపు పట్టీమీద అతని సంఖ్యయు, అప్పటి వేళయు అచ్చుపడును. ఈ గడియారములు చేసిన కంపెనీ కొన్ని విలీనముల తరువాత 1911లో ఒక పెద్ద సంస్థలో కలిసిపోయెను. ఆ సంస్థయే 1924లో ఐ.బి.యం. అను పేరు ధరించినది. కంప్యూటరు వంశవృక్షములో హాజరు గడియారము కూడ ఒక తాతయే!

బండీ గడియారము మనిషి రాకపోకలను మాత్రమే గుర్తించినది. ఒక సాధనమును ఎంతసేపు వాడిరో గుర్తించు యంత్రము ఆడిమీటరు. మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థకు చెందిన రాబర్ట్ ఎల్డర్, లూయీ వుడ్రఫ్ అనువారు రూపొందించిన ఈ పరికరమును 1936లో ఆర్థర్ నీల్సన్ సంపాదించెను. ఇంటిలోని రేడియోకు తగిలించినచో, అది ఎప్పుడు మ్రోగెనో, ముల్లు ఏ స్టేషను వద్ద నిలిచెనో కదలుచున్న పట్టీమీద గుర్తులుగా పడును. 1942 నుండి ఈ గుర్తుల ఆధారముగా శ్రోతల లెక్కలు అమ్ముడుపోసాగెను. స్టేషను అనుచోట యాప్ అని చదువుకొన్నచో, మా విద్యార్థి వేసిన పట్టికకును దీనికిని ఎంత దగ్గర పోలిక!

ఇక కంప్యూటరు విషయము. 1961లో అదే మసాచుసెట్స్ సంస్థలో ఫెర్నాండో కార్బటో బృందము ఒకే యంత్రమును పలువురు ఏకకాలమున వాడుకొను పద్ధతిని ప్రదర్శించెను. యంత్రకాలము బంగారమువంటి ఆ దినములలో, ఎవరెంత కాలము వాడుకొనిరో యంత్రమే లెక్క వ్రాసుకొనవలసి వచ్చెను. చివరకు 2018లో ఆపిల్, గూగుల్ సంస్థలు తమ ఫోనులలోనే యాప్ వాడుక కాలమును చూపు ఏర్పాటులను ప్రవేశపెట్టెను. కాబట్టి "లెక్కించుట" అను భావమునకు నేడు ఎవ్వరును క్రొత్తదనము చెప్పుకొనలేరు. లెక్కించు విధానములో క్రొత్తదనమున్నచో అది వేరు సంగతి.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వత్తము. ప్రోగ్రాము పేటెంటుకు తగిన వస్తువేనా? ఇది న్యాయస్థానములను అర్ధశతాబ్దమునకు పైగా వేధించినది. అమెరికాలో 1968లో మార్టిన్ గెట్జ్ అను ఇంజనీరుకు, సమాచారమును వరుసక్రమములో పేర్చు పద్ధతికి పేటెంటు లభించెను. సాఫ్ట్‌వేరుకు వచ్చిన తొలి పేటెంటుగా దీనిని చెప్పుదురు. కాని 1972లో అక్కడి సుప్రీంకోర్టు బెన్సన్ కేసులో వేరొక దారి తొక్కెను. అంకెలను ఒక సంకేతమునుండి మరియొక సంకేతమునకు మార్చు సూత్రమునకు పేటెంటు ఇచ్చినచో ఆ గణితమునకే తాళము వేసినట్లగునని కోర్టు భావించి నిరాకరించెను. 1981లో డీర్ కేసు వచ్చెను. రబ్బరును అచ్చులో పక్వము చేయునప్పుడు లోపలి ఉష్ణోగ్రతను ఎడతెగక కొలిచి, ఆరీనియస్ సమీకరణముతో మరల మరల లెక్కకట్టి, సరియైన క్షణమున అచ్చును తెరచు పద్ధతి అది. ఇందులో సమీకరణము పాతదే. కాని రబ్బరు నిజముగా మెరుగుపడుచున్నది. ఐదుగురు న్యాయమూర్తులు ఔననగా, నలుగురు కాదనిరి. పేటెంటు నిలిచెను.

1998లో ఒక ఆర్థిక లెక్కల పద్ధతికి కూడ పేటెంటు చెల్లునని దిగువ కోర్టు తీర్పు చెప్పుటతో తలుపులు బార్లా తెరచుకొనెను. 2014లో సుప్రీంకోర్టు ఆలిస్ కేసులో వాటిని చాలవరకు మూసెను. మధ్యవర్తిని పెట్టుకొని లావాదేవీ జరుపుట వంటి పాత భావమును కంప్యూటరుతో చేయించినంత మాత్రమున అది క్రొత్త కల్పన కాజాలదని తొమ్మండుగురును ఏకగ్రీవముగా చెప్పిరి.

మా విద్యార్థి ప్రశ్నకు మిక్కిలి దగ్గరగా ఉన్నది 2016 నాటి ఫెయిర్ వార్నింగ్ కేసు. రోగుల సమాచారమును ఆసుపత్రి కంప్యూటరులో ఎవరు తెరచి చూచుచున్నారో చిట్టాలనుండి గమనించి, దుర్వినియోగము కనబడినచో హెచ్చరించు పద్ధతికి పేటెంటు ఉండెను. ఇట్టి అనుమానపు ప్రశ్నలు మనుష్యులు ఏనాటినుండియో వేసికొనుచున్నవే, ఇక్కడ వానిని కంప్యూటరు వేయుచున్నది, అంతకు మించి లేదని అప్పీలు కోర్టు దానిని త్రోసిపుచ్చెను. అదే సంవత్సరము అదే కోర్టు, ఎన్‌ఫిష్ కేసులో, సమాచారమును పట్టికగా అమర్చు క్రొత్త పద్ధతిని అంగీకరించెను. ఏల? ఆ అమరిక వలన కంప్యూటరు పనితీరే మెరుగుపడినది. ఒకటి మనిషిని గమనించినది. రెండవది యంత్రమును బాగుచేసినది. ఈ భేదమే ఈ చరిత్రకంతకును కీలకము.

మన దేశపు చట్టము కూడ ఈ భేదము చుట్టునే తిరుగుచున్నది. 1970 నాటి పేటెంట్ల చట్టమునకు 2002లో చేసిన సవరణలో 3(కె) విభాగము చేరెను. గణిత పద్ధతులు, వ్యాపార పద్ధతులు, అల్గారిథములు, తనంతట తానుగా నిలుచు కంప్యూటరు ప్రోగ్రాము పేటెంటుకు తగవని అది చెప్పును. 2004లో ఒక ఆర్డినెన్సు ఈ నిషేధమును సడలించెను గాని, 2005లో పార్లమెంటు చేసిన చట్టములో ఆ సడలింపు చోటు చేసికొనలేదు. 2019 డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు ఫరీద్ అల్లానీ కేసులో, ప్రోగ్రాముపై ఆధారపడినదన్న ఒక్క కారణముచేత దరఖాస్తును తిరస్కరింపరాదనియు, సాంకేతిక ఫలితము ఉన్నదా లేదా అని చూడవలెననియు స్పష్టము చేసెను.

ఇదంతయు చెప్పి నేను విద్యార్థిని అడిగితిని: "నీ ప్రోగ్రాము ఫోనుకేమి మేలు చేస్తున్నది?" అతడు కొంచెము ఆలోచించి, "క్షణక్షణమూ తొంగిచూడదు సార్. యాప్ మారినప్పుడే వేళ గుర్తు పెట్టుకుంటుంది. అందుకే బ్యాటరీ అంతగా ఖర్చు కాదు" అనెను. నాకు సంతోషము కలిగినది. పరిశీలకుడు వెదకునది సరిగా ఇట్టి మాటనే. "అయితే ఇది ముందెక్కడనైనా ఉందేమో నువ్వే వెతికి చూడు. అంతవరకు వైజ్ఞానిక ప్రదర్శనలో పెట్టకు. ముందే బయటపెడితే క్రొత్తదనము పోవచ్చు. దరఖాస్తు పెట్టాలంటే మనకు చెన్నై కార్యాలయము" అంటిని.

వారము తిరుగకుండ అతడు మరల వచ్చెను. ఆండ్రాయిడ్‌లో 2014 నుండియే, యాప్ తెరచిన, మూసిన వేళలను ఫోను తానే వ్రాసియుంచి, అనుమతి పొందిన ప్రోగ్రాములకు అందించు ఏర్పాటు ఉన్నదని అతడు కనుగొనెను. అతని ముఖము చిన్నబోయినది. నేనంటిని: "నువ్వు వ్రాసిన ప్రోగ్రాము పాఠము నీదే. 1957 నాటి కాపీరైటు చట్టము, తరువాతి సవరణలతో, దరఖాస్తు లేకుండానే దానిని కాపాడుతుంది. ఇక పేటెంటు సంగతి. యాప్ వాడుక కాలమును లెక్కించుటనే ఎవరో ఒకరు సొంతము చేసుకొని ఉంటే, నువ్వు దీనిని నీ మిత్రులకు ఇవ్వగలిగేవాడివా?"

అతడు నవ్వెను. ఆ ప్రోగ్రామును ప్రదర్శనలో పెట్టెను.