ఓకే (అంగీకార పదం)

'ఓకే' అనేది అంగీకారాన్ని తెలిపే ఆంగ్ల పదం. 'ప్రామిస్', 'షూర్', 'గ్యారంటీ' వంటి మాటలతో పాటు ఇది తెలుగు వాడుకలో స్థిరపడింది. హైదరాబాదు పాతబస్తీలోని చాంద్రాయణగుట్ట ప్రాంతంలో తెలుగు, దక్కనీ ఉర్దూ పక్కపక్కనే వినిపిస్తాయి. కనుక అక్కడ 'సరే', 'గట్లనే' అనే తెలుగు మాటలతోను, 'హౌ' (అవును), 'పక్కా' అనే మాటలతోను ఇది కలిసిపోయింది. ఆ ప్రాంతంలోని బార్కస్ పేరు కూడా 'బ్యారక్స్' అనే ఆంగ్ల పదం నుండి వచ్చినదే. నిజాం కొలువులోని అరబ్బు సైనికులు అక్కడ నివసించేవారు.

పుట్టుక

ఈ పదం 1839 మార్చి 23న అమెరికాలోని 'బోస్టన్ మార్నింగ్ పోస్ట్' పత్రికలో అచ్చయింది. 'ఆల్ కరెక్ట్' అనే మాటను హాస్యానికి 'ఓల్ కొరెక్ట్' అని తప్పుగా వ్రాసి, దానిని పొడి అక్షరాలుగా కుదించారు. ఈ సంగతిని 1960లలో ఆలెన్ వాకర్ రీడ్ నిరూపించాడు. 1840 ఎన్నికలలో మార్టిన్ వాన్ బ్యూరెన్ అనుచరులు దీనిని నినాదంగా వాడుకున్నారు. ఆయన ఓడిపోయాడు గాని పదం నిలిచింది.

తెలుగులో ప్రయోగం

తెలుగులో 'ఓకే' క్రియలతో చేరి 'ఓకే చేశారు', 'సంబంధం ఓకే అయింది' వంటి రూపాలు పొందింది. పిల్లలు వాడే 'మదర్ ప్రామిస్' మరింత ఆసక్తికరమైనది. ఇంగ్లాండులో ఎవరూ ఇలా ఒట్టు పెట్టుకోరు. ఇది 'అమ్మతోడు', 'మా కసమ్' అనే ఒట్లకు తొడిగిన ఆంగ్లపు చొక్కా మాత్రమే. 'ట్రై చేస్తాను' అనే మాట తరచు మర్యాదగా కాదనడానికే ఉపయోగపడుతుంది. దానిని మాట ఇచ్చినట్లుగా తీసుకొన్నవారు చిక్కులలో పడుతుంటారు.

చట్టంలో

భారత కాంట్రాక్టు చట్టం, 1872 లోని 2(బి) సెక్షను ప్రకారం ప్రతిపాదనకు అంగీకారం తెలిపితే అది వాగ్దానమవుతుంది. 7వ సెక్షను ప్రకారం ఆ అంగీకారం షరతులు లేనిదై ఉండాలి. కనుక అద్దె బేరంలో "ఓకే, కాని అడ్వాన్సు తగ్గించాలి" అంటే అది అంగీకారం కాదు, ఎదురు ప్రతిపాదన. సమాచార సాంకేతిక చట్టానికి 2008లో చేసిన సవరణ (10ఎ సెక్షను) వలన, ఫోను సందేశంలో పంపిన 'ఓకే' కూడా, తక్కిన షరతులన్నీ కుదిరితే, ఒప్పందానికి ఆధారం కాగలదు. అయితే ప్రతిఫలం లేని ఒప్పందం సాధారణంగా చెల్లదు. 100 రూపాయలు, అంతకు మించిన విలువ గల స్థిరాస్తి అమ్మకానికి రిజిస్టరైన దస్తావేజు తప్పనిసరి. అక్కడ 'ఓకే' గాని 'పక్కా' గాని సరిపోదు.