రంగం దారిలో నీళ్ళు

మా ఇంట్లో ముత్తాత గురించి ఒకే ఒక్క వాక్యం ఉండేది. ‘రంగంలో మునిసిపాలిటీ ఉద్యోగం చేసేవాడు.’ పెళ్ళి మాటలప్పుడూ, చావు ఇళ్ళలోనూ అదే వాక్యం. నా పిహెచ్.డి. వైవాకి ముందు రోజు మావయ్య నన్ను దీవిస్తూ కూడా అదే అన్నాడు. ఏ ఉద్యోగమో ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు. స్త్రీల కథల్లో మౌనాల గురించి సిద్ధాంత గ్రంథం రాసి డాక్టరేట్ తెచ్చుకున్నదాన్ని, సొంత ఇంట్లో ఉన్న మౌనం పక్కనుంచే ముప్ఫై ఏళ్ళు నడిచాను.

రావులపాలెం వాళ్ళకి రంగం అంటే రంగూన్. కోనసీమంతా అంతే. మా ఊరి పక్కనుంచి పోయే గౌతమి కోటిపల్లి, యానాం దాటి సముద్రంలో కలిసే చోటికి దగ్గర్లోనే కోరంగి ఉంది. 1789లో, 1839లో వచ్చిన ఉప్పెనలు ఆ రేవుని దెబ్బతీశాయి. తర్వాత ఓడలు కాకినాడకి మళ్ళాయి. కోరంగి పేరు మాత్రం బర్మాలో నిలిచిపోయింది. గోదావరి వాడైనా, విశాఖ వాడైనా, గంజాం వాడైనా, తెలుగు కూలీ అంటే అక్కడ ‘కోరంగీ’. అది కేవలం ఊరిపేరు కాదు, తిట్టు కూడా.

1931 జనాభా లెక్కల నాటికి రంగూన్‌లో నాలుగు లక్షల మంది ఉంటే సగానికి పైగా భారతీయులే. రేవులో బరువులు మోసింది, ధాన్యం మిల్లుల్లో బస్తాలు ఎత్తింది, ఊరి మలమూత్రాలు ఎత్తిపోసింది ఎక్కువగా తెలుగువాళ్ళు. 1933లో ఇ.జె.ఎల్. ఆండ్రూ రంగూన్‌లోని భారతీయ కూలీల మీద రాసిన పుస్తకంలో మేస్త్రీల అడ్వాన్సు అప్పులూ, ఒకే గదిలో పదుల మందిని కుక్కిన లాడ్జింగ్ ఇళ్ళూ కనిపిస్తాయి. 1930 మే నెలలో తెలుగు రేవు కూలీలు కూలి పెంచమని సమ్మె చేశారు. వాళ్ళ స్థానంలో బర్మీయుల్ని పెట్టుకుని, సమ్మె తెగగానే వాళ్ళని తీసేశారు. ఆ రగిలిన కోపం కంపెనీల మీదికి పోలేదు, కోరంగీల మీదికే వచ్చింది. వందమందికి పైగా చచ్చిపోయారు.

ఈ పుస్తకాలు చదువుతున్నప్పుడే మునిసిపాలిటీ ఉద్యోగం ఏదై ఉంటుందో నాకు అర్థమైంది. తొంభైకి దగ్గరపడిన అమ్మమ్మని అడిగాను. ఆవిడ ఏమీ తడుముకోలేదు.

‘పాకీ పనే. ఆయన తీసేవోడు, మాయమ్మా తీసేది. నువ్వు అడగలేదు గాబట్టి నేను చెప్పలేదు.’

మాయమ్మా తీసేది! ఆ ఒక్క వాక్యంలో ఇంతకాలం ముత్తాత ఉన్నాడు గానీ తాతమ్మ లేదు. ఆయన పనికి పేరు మార్చారు, ఆవిడ పనిని అసలే లేకుండా చేశారు.

1941 డిసెంబరు 23న జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. మళ్ళీ క్రిస్మస్ రోజున వేశాయి. రేవు కూలీలూ, పాకీ పనివాళ్ళూ ఊరొదిలి ప్రోమ్ దారి పట్టారు. రెండు మూడు రోజుల్లోనే రంగూన్ కంపుకొట్టడం మొదలైంది. శవాలు తీసేవాళ్ళు లేరు, దొడ్లు కడిగేవాళ్ళు లేరు. అప్పటి గవర్నర్ డోర్మన్ స్మిత్ తర్వాత రోజుల్లో తన జ్ఞాపకాల్లో ఒప్పుకున్నాడు, నగరంలో బతుకు మొదలయ్యేది పాకీవాడి దగ్గరే అని. ఎంత ఆలస్యంగా వచ్చిన జ్ఞానమో! అయితే ఆ జ్ఞానం ఎందుకు ఉపయోగపడిందో చూడండి. వాళ్ళని క్షేమంగా పంపడానికి కాదు. దారిలో ఆపి, నచ్చజెప్పి, ఊరి బయట క్యాంపులు కట్టి, బియ్యం ఇస్తామని చెప్పి వెనక్కి పనిలోకి తేవడానికి. ఓడల్లో డెక్ టికెట్ మీద పనిచేసే వయసు మగవాళ్ళు ఎక్కకుండా ఆంక్షలు పెట్టారు.

ఈ ఆంక్ష గురించి చరిత్రకారులు కూలీల సరఫరా సమస్యగా రాస్తారు. మా తాతమ్మకి అది వేరే సమస్య. మొగుణ్ణి వదిలేసి ఇద్దరు పిల్లల్తో ఓడెక్కాలా, బాంబుల కింద ఆయనతో ఉండాలా? ఓడెక్కితే కాకినాడలో దిగి పడవ మీద ఊరు చేరొచ్చు. కానీ రంగంలో మొగుణ్ణి వదిలి వచ్చినదాన్ని అత్తవారు ఏమంటారు? ఆవిడ ఉండిపోయింది. ‘ఎల్లమంటే ఎల్లలేదంట మాయమ్మ. ఎల్లుంటే తమ్ముడు బతికేవోడని సచ్చేదాకా అనేది’ అంది అమ్మమ్మ.

1942 ఫిబ్రవరి 20న ఊరు ఖాళీ చేయమని ఉత్తర్వు వచ్చింది. మార్చి 8న రంగూన్ జపాన్ చేతికి చిక్కింది. అప్పటికే వీళ్ళు ప్రోమ్ దాటి, ఐరావతి అవతల పడౌంగ్ నుంచి అరకాన్ కొండలెక్కి టౌంగప్ వెళ్ళే దారిలో ఉన్నారు. నూట పది మైళ్ళు. బండ్లబాట. ఎండాకాలం మొదలు. ఆ దారిన లక్షమందికి పైగా నడిచారు. ముందు వెళ్ళినవాళ్ళు తాగి, కడుక్కుని, పక్కనే కూర్చుని వెళ్ళిన వాగునీళ్ళే వెనకవాళ్ళకి తాగునీళ్ళు. కలరా ప్రోమ్‌లోనే మొదలై జనంతో పాటు కొండెక్కింది.

అమ్మమ్మకి అప్పుడు అయిదేళ్ళు. తను చూసిందేదో, తల్లి చెబితే విన్నదేదో ఇప్పుడు ఆవిడే విడదీయలేదు. నేనూ విడదీయబోవడం లేదు.

‘నీల్లు లేవమ్మా. కొండెక్కినంతసేపూ నీల్లు లేవు. ఒకడు వెదురు గొట్టంలో నీల్లు అమ్మేవోడు. మాయమ్మ కాళ్ళ కడియాలిచ్చింది. పచ్చి బియ్యం నవిలి నవిలి మా నోట్లో పెట్టేది. ఆడోళ్ళు పగలు కూకునేదానికి చాటు లేదు. చీకటి పడ్డాక పోదామంటే పులుల భయం. అందుకని నీల్లు దొరికినా తాగేవోరు కాదు.’

నీళ్ళు దొరికినా తాగేవాళ్ళు కాదు. ఈ మాట రాసుకున్న రోజు నేను మరేం పని చేయలేకపోయాను. కలరా దారిలో, చాటు లేదని, దాహం చంపుకుని నడిచిన ఆడవాళ్ళు! హ్యూ టింకర్ 1975లో ఈ మరిచిపోయిన నడక గురించి రాసిన వ్యాసం నాకు దారి చూపింది. అయిదు లక్షల మంది కదలిక, దారులు, అధికారుల మధ్య తగవులు అన్నీ అందులో ఉన్నాయి. చనిపోయినవాళ్ళు పది వేల నుంచి యాభై వేల దాకా ఉంటారని అంచనా. ఆ రెండు అంకెల మధ్య ఉన్న నలభై వేల మంది ఎవరు? రిజిస్టర్లలో పేరెక్కని వాళ్ళు. సహాయం అందనిచోట లెక్కా లేదు.

సహాయం లేదని కాదు. ఉత్తరపు దారుల్లో, ఇంఫాల్, దిమాపూర్ వైపునా, హుకాంగ్ లోయ నుంచి లెడో వైపునా, ఇండియన్ టీ అసోసియేషన్ తోటల నుంచి వేలాది కూలీలను రప్పించి బాటలు వేయించింది. మజిలీ మజిలీకి క్యాంపులు కట్టి టీ, అన్నం, మందులు ఇచ్చింది. వానలు మొదలయ్యాక హుకాంగ్ దారిలో చిక్కుకున్నవాళ్ళకి విమానాల నుంచి తిండి జారవిడిచారు. గైల్స్ మాక్రెల్ అనే తోటల మనిషి 1942 జూన్‌లో పొంగుతున్న డఫా నదిలోంచి ఏనుగుల మీద జనాన్ని దాటించాడు. ఇవన్నీ నిజమే, గొప్పవే. అయితే ఆ క్యాంపుల్లో బరువులు మోసి, దొడ్లు తవ్వి, శవాలు పూడ్చిన తోట కూలీలు ఎవరో ఆ వీరగాథల్లో కనపడరు. తెల్లవాళ్ళకో దారి, నల్లవాళ్ళకో దారి అన్న ఆరోపణ దేశమంతా పాకింది. 1942 ఏప్రిల్ చివర అలహాబాదులో కూడిన ఏఐసీసీ ఈ వివక్షని ఖండించింది. టౌంగప్ దారి వీటన్నిటికంటే ముందరిది. పెద్ద ఎత్తున సహాయం కూడగట్టే వేళకి ఆ దారిలో నడవాల్సినవాళ్ళు నడిచేశారు, పడాల్సినవాళ్ళు పడిపోయారు.

తమ్ముడు కొండ మీద పోయాడు. వాంతులు, విరేచనాలు. సాయంత్రానికల్లా కళ్ళు లోపలికి పోయాయట. కలరా చంపేది ఒంట్లో నీరూ ఉప్పూ లాగేసి. ఆ నీరూ ఉప్పూ నోటి ద్వారా తిరిగి ఇవ్వొచ్చని, కాస్త పంచదార కలిపితే పేగు ఆ ఉప్పుని పట్టుకుంటుందని తెలియడానికి ఇంకా పాతికేళ్ళు పట్టింది. 1971లో బంగ్లాదేశ్ యుద్ధం నుంచి పారిపోయి వచ్చినవాళ్ళ కోసం పెట్టిన బన్‌గావ్ క్యాంపులో, సెలైన్ సీసాలు అయిపోతే, డాక్టర్ దిలీప్ మహలనబీస్ ఉప్పు, పంచదార, సోడా కలిపిన నీళ్ళు డ్రమ్ములకొద్దీ పట్టించాడు. ముప్ఫై శాతం దాకా ఉన్న మరణాలు నాలుగు శాతం లోపుకి దిగాయి. ఆ నీళ్ళు పట్టించింది ఎక్కువగా బంధువులే, తల్లులే. కాందిశీకుల క్యాంపులోంచి లోకానికి దొరికిన మందు అది.

కాందిశీకులు. 1942 పత్రికల మాట. ఏ దిక్కుకి పోవాలో తెలియనివాళ్ళు అని అర్థం. మాకు మాత్రం దిక్కు తెలుసు, అంటుంది అమ్మమ్మ, గోదారే. టౌంగప్ నుంచి పడవ మీద అక్యాబ్, అక్కణ్ణించి చిట్టగాంగ్, రైళ్ళలో కలకత్తా, రాజమండ్రి. దారిలో ఏదో స్టేషన్లో వలంటీర్లు గంజి పోశారు. ముందు మగవాళ్ళ వరస, తర్వాత ఆడవాళ్ళ వరస. ఆ వరసలో కూడా ‘మీరేవిట్లు?’ అని ఎవరో తెలుగులోనే అడిగారట. ముత్తాత గొంతు మార్చి వేరే కులం చెప్పాడు. గంజి దొరికింది. మునిసిపాలిటీ ఉద్యోగం అన్న మాట అక్కడే పుట్టిందేమోనని నా ఊహ.

వీళ్ళు దిగిన గోదావరి జిల్లా కూడా అప్పుడు పారిపోతూనే ఉంది. 1942 ఏప్రిల్ 6న విశాఖ మీద, కాకినాడ మీద బాంబులు పడ్డాయి. పట్నాల నుంచి జనం పల్లెలకి చేరుతుంటే పేటలో తాతమ్మకి తిరిగి అదే పని దొరికింది. యుద్ధంలో పని పోనిది పాకీ పనివాళ్ళకే కాబోలు. కోలారు బంగారు గనుల నుంచి బర్మా దాకా ఈ పనికి తెలుగు దళితుల్ని ఎలా చేరవేశారో ఎవరైనా పూర్తిగా రాయాలి. ఆ కోలారులో పాకీ పని చేసిన తెలుగు తల్లిదండ్రుల బిడ్డే బెజవాడ విల్సన్.

ఇప్పుడు శరణార్థుల సహాయానికి కొలతలున్నాయి. 1997లో మొదలైన స్ఫియర్ ప్రమాణాల ప్రకారం మనిషికి రోజుకి కనీసం పదిహేను లీటర్ల నీళ్ళు, ఇరవై మందికి ఒక మరుగుదొడ్డి, 2,100 కిలోకేలరీల తిండి. ఆడవాళ్ళకి విడిగా, లోపల గడియ ఉన్న దొడ్లు. నెలసరి బట్టల సంగతి కూడా రాశారు. చదివి సంతోషించాను. ఆ వెంటనే చింతూరు గుర్తొచ్చింది. 2005 జూన్‌లో సల్వాజుడుం మొదలయ్యాక దంతెవాడ నుంచి వేలాది ఆదివాసులు అప్పటి ఖమ్మం జిల్లా అడవుల్లోకి పారిపోయి వచ్చారు. వాగు ఇసకలో చెలమలు తీసుకుని తాగారు. రేషన్ కార్డు లేదని బియ్యం లేవు, ఊరు రికార్డులో లేదని అంగన్‌వాడీ లేదు. 2007లో శాంతా సిన్హా నాయకత్వంలోని బాలల హక్కుల కమిషన్ వచ్చి చూసింది. స్థానిక సంస్థలూ, సరిహద్దులు లేని డాక్టర్లూ పనిచేశారు. 2011 జులై 5న సుప్రీంకోర్టు సల్వాజుడుంని తప్పుపట్టింది. చింతూరు 2014లో మా తూర్పు గోదావరిలో కలిసింది. అక్కడి శబరి కూనవరం దగ్గర గోదావరిలో చేరి, ఆ నీళ్ళే మా రేవు దాకా వస్తాయి. కొలతలు రాసిపెట్టుకున్న కాలంలోనూ ఆ గూడేల ఆడవాళ్ళు చీకటి పడేదాకా ఆగారంటే, మా తాతమ్మ దారి 1942తో అయిపోయిందని నేను రాయలేను.

ఈ వ్యాసం చిత్తుప్రతి మావయ్యకి వినిపించాను. ‘రాస్తే రాయి గానీ ఆ పని పేరెందుకు? పిల్లల సంబంధాలున్నాయి’ అన్నాడు. ఆయన భయం అబద్ధం కాదు. రెండు రోజులు ఆగాను. అమ్మమ్మనే అడిగాను. ఆవిడ పేరు సంగతి పట్టించుకోలేదు, మళ్ళీ మొదటినించీ చదవమంది. తమ్ముడు పోయిన చోటికి వచ్చేసరికి చెయ్యెత్తి ఆపింది.

‘రెండేళ్ళని రాసేవు. మూడు. ఏటి దాకా నడిచేడు ఆడు, మాయమ్మ సెయ్యి పట్టుకుని.’

రెండు కొట్టేసి మూడు వేశాను.