ద్రిమ్మరు: నామశేషమైన క్రియ

ఆంగ్లమున పూర్వము 'వేగ్' అను క్రియ యొకటి యుండెను. తిరుగుట దాని యర్థము. లాటిను 'వగారి' దానికి మూలము. సంస్కృత వేగశబ్దముతో దీనికి సంబంధము లేదు. స్కాట్లండు మాండలికమున కొంతకాలము నిలిచినను, సామాన్య వ్యవహారమునుండి అది తొలగిపోయినది. ఆ కుటుంబమునకే చెందిన 'వాగబాండ్' అను నామము మాత్రము నేటికిని సజీవము. 'వేగ్రెంట్' పదమునుగూడ పలువురు ఇచ్చటనే చేర్చెదరు గాని, అది జర్మానిక్ మూలమునుండి ప్రాచీన ఫ్రెంచి ద్వారా వచ్చి, పిమ్మట లాటిను పోలికకు లోబడినదనుట యుక్తతరము.

తెనుగున దీనికి సరియైన జోడు 'ద్రిమ్మరు'. శబ్దరత్నాకరము (1885) వంటి నిఘంటువులలో ఇదియు, దీని సమానార్థకమగు 'క్రుమ్మరు'ను కాననగును. ప్రొద్దు పొద్దైనట్లు, క్రింద కిందయైనట్లు, రేఫము లోపించి ఇది 'దిమ్మరు' అయ్యెను. పిదప క్రియయే పోయి 'దేశదిమ్మరి' మిగిలినది. క్రుమ్మరునకు ఆపాటి శేషమును లేదు. రేఫము జారినచో కుమ్మరితో కలిసిపోవుటయే కారణమేమో! ఇది నా యూహ మాత్రమే.

ఇందు విచార్యమైన విషయమొకటి కలదు. ద్రిమ్మరుట యన్నచో తిరుగుటయే. అందు నింద లేదు. దేశదిమ్మరి యన్నచో నింద కలదు. 'తిరుగు' నిర్దోషము, 'తిరుగుబోతు' తిట్టు. ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణమునకు దాపుననున్న అంబరుపేటలో ఈ మాటలకంటె 'ఆవారా' యనునదే ఎక్కువగా వినవచ్చును. పారసీకమున అదియు మొదట ఇల్లు విడిచి తిరుగువానిని తెలుపు మాటయే. క్రియ చెప్పునది మనుష్యుడు చేసిన పనిని. నామము ఆ పనినే అతని స్వభావముగా స్థిరపరచును.

ఈ భేదము నిఘంటువులతో ముగియలేదు. 1871లో ఆంగ్లప్రభుత్వము నేరస్థజాతుల చట్టమును చేసెను. 1911 చట్టముతో అది మద్రాసు రాజధానికిని వ్యాపించెను. గాడిదలపైనను, ఎద్దులపైనను ఉప్పును, ధాన్యమును వేసికొని కోస్తాకును, లోపలి సీమలకును నడుమ తిరిగిన ఎరుకలవారి వర్తకము రైళ్లరాకతో దెబ్బతినియుండెను. బ్రదుకుతెరువైన ఆ తిరుగుటయే ఇప్పుడు అనుమానమునకు హేతువయ్యెను. ఎరుకల కుటుంబములు పెక్కింటిని స్టూవర్టుపురమున నిర్బంధముగా నిలిపిరి. ఊరు దాటుటకు అనుమతి కావలసివచ్చెను. పుట్టిన శిశువునకును ఆ పేరే సంక్రమించెను.

1952లో ఆ చట్టము రద్దైనది. నాటినుండి ఇట్టివారికి విముక్తజాతులను క్రొత్త పేరు వచ్చినది.