కొత్తగా బిగించిన కంప్యూటర్ ఆన్ కావడం లేదా? బోర్డును కాదు, ముందు గోడను అనుమానించండి

మన కోవిల్‌పట్టి, విరుదునగరం వైపు కొన్ని ఇళ్ళకు మొదటి కంప్యూటర్ 2011లో మొదలైన ప్రభుత్వ ఉచిత ల్యాప్‌టాప్ రూపంలోనే వచ్చింది. ఇప్పుడు ఇంజనీరింగ్ చదివే పిల్లలు విడిభాగాలు కొని ఇంట్లోనే కంప్యూటర్ బిగించుకుంటున్నారు. బోర్డు ఒకచోట, ప్రాసెసర్ మరొకచోట, మిగతావి చెన్నై రిచీ స్ట్రీట్ నుంచో ఆన్‌లైన్‌లోనో తెప్పిస్తారు. యాభై అరవై వేలు ఖర్చు పెట్టి, ఒక ఆదివారమంతా కూర్చుని బిగించి, బటన్ నొక్కితే ఉలుకూ పలుకూ ఉండదు. లేదా ఫ్యాన్లు గిర్రున తిరుగుతాయి, తెర మాత్రం నల్లగానే ఉంటుంది. ఎవరో ఒకరు వచ్చి "బోర్డు పోయింది, మార్చాల్సిందే" అనేస్తారు.

ఆ మాట విని వెంటనే మళ్ళీ డబ్బు తీయకండి. కొత్త భాగం పాడైపోయి రావడం అరుదు. సరిగా దిగని ఒక కేబులో, తప్పు చోట పెట్టిన ర్యామో కారణమైన సందర్భాలే ఎక్కువ. మన ఊళ్ళల్లోనైతే వీటన్నిటికన్నా ముందు చూడాల్సింది గోడలోని సాకెట్టు.

ఎర్త్ ఉందా?

పాత మిద్దె ఇళ్ళల్లో సాకెట్టుకు మూడు రంధ్రాలుంటాయి గానీ వెనక తీగలు రెండే ఉండవచ్చు. పైన కనిపించే పెద్ద రంధ్రానికి ఎర్త్ తీగ కలిపి ఉండదు. దీపాలకూ ఫ్యాన్లకూ దానితో పనిలేదు కనుక ఏళ్ళ తరబడి ఎవరికీ తెలియదు. కంప్యూటర్ పవర్ సప్లై సంగతి వేరు. దానిలో విద్యుత్ రొదను వడగట్టడానికి లైను నుంచి ఒకటి, న్యూట్రల్ నుంచి ఒకటి చిన్న కెపాసిటర్లు లోహపు పెట్టెకు కలిపి ఉంటాయి. ఎర్త్ లేకపోతే ఆ పెట్టె మన 230 వోల్టుల్లో సుమారు సగం, అంటే 115 వోల్టుల దగ్గర తేలుతుంది. అక్కడ పారే కరెంటు చాలా తక్కువ కాబట్టి పెద్ద షాక్ కొట్టదు, చేయి పెడితే జివ్వుమంటుంది, అంతే. అలాగని వదిలేయకూడదు. ఆ స్థితిలో టీవీ కేబులో ప్రింటరో తగిలిస్తే పోర్టులు దెబ్బతినే ప్రమాదం ఉంది.

ఎర్త్ ఉన్న ఇంట్లో కూడా మన కరిసల్ నేలతో ఒక చిక్కుంది. నల్లరేగడి తడిగా ఉన్నప్పుడు కరెంటును బాగా లాక్కుంటుంది. ఎండాకాలం వచ్చేసరికి ముడుచుకుని బీటలు వారుతుంది. అప్పుడు పాతిన కడ్డీ చుట్టూ మట్టి వదులై, కార్తీకంలో బాగున్న ఎర్త్ చిత్రి వెయిలుకు పనికిరాకుండా పోతుంది. ఎర్త్ గుంతలో అప్పుడప్పుడు నీళ్ళు పోయమని పెద్దలు చెప్పేది ఇందుకే. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి మల్టీమీటర్‌తో కొలిపించండి. లైనుకూ ఎర్త్‌కూ మధ్య 230కి దగ్గరగా, న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య రెండు మూడు వోల్టుల లోపు చూపిస్తే ఎర్త్ బాగున్నట్టే. సాకెట్టులోనే న్యూట్రల్‌ను ఎర్త్‌కు కలిపేసే "సులువు పని" మాత్రం ఎవరు చెప్పినా ఒప్పుకోవద్దు. న్యూట్రల్ ఎక్కడైనా తెగితే కంప్యూటర్ పెట్టె మొత్తానికి 230 వోల్టులు వచ్చేస్తాయి.

పాతవో చవకవో అయిన కొన్ని పవర్ సప్లైల వెనక 115, 230 అని రాసిన చిన్న ఎర్ర స్విచ్ ఉంటుంది. అది 230 మీదే ఉండాలి. 115లో ఉంచి ప్లగ్ పెడితే పెద్ద చప్పుడుతో పోతుంది.

అసలు ప్రాణమే లేకపోతే

పవర్ సప్లై వెనక ఉన్న స్విచ్ చూడండి. గీత ఉన్న వైపు ఆన్, సున్నా ఉన్న వైపు ఆఫ్. నవ్వొచ్చినా సరే, ముందు చూడాల్సింది అదే. తర్వాత బోర్డు పక్కనుండే 24 పిన్నుల పెద్ద ప్లగ్గును కొక్కెం టక్కుమనేదాకా నొక్కండి. కొత్తది బిగుతుగా ఉంటుంది, బోర్డు విరిగిపోతుందేమోనని భయపడి సగంలో ఆపేవాళ్ళే ఎక్కువ.

అప్పటికీ పలకకపోతే కేబినెట్ బటన్ నుంచి వచ్చే సన్న తీగలను అనుమానించాలి. బోర్డు కింది మూలలో ఉన్న పిన్నుల్లో ఏ రెండు పవర్ బటన్‌వో మాన్యువల్‌లో బొమ్మ ఉంటుంది. తీగలు తీసేసి ఆ రెండు పిన్నులను స్క్రూడ్రైవర్ కొనతో ఒక్క క్షణం కలిపి తాకించండి. అక్కడుండేది 5 వోల్టుల లోపే, షాక్ కొట్టదు. కంప్యూటర్ లేచిందంటే బోర్డు బాగుంది, తీగలే తప్పు చోట పెట్టారు.

ఒక్క సెకను తిరిగి ఆగిపోతోందా? బోర్డు వెనక ఎక్కడో లోహం తగులుతూ ఉండవచ్చు. కేబినెట్‌లో బోర్డును ఎత్తిపెట్టే ఇత్తడి మేకులు బోర్డు రంధ్రాలకు ఎదురుగానే ఉండాలి. ఒకటి ఎక్కువైనా షార్ట్ అవుతుంది. బోర్డును బయటికి తీసి, అది వచ్చిన అట్టపెట్టె మీదనే పెట్టి, ప్రాసెసర్, కూలర్, ఒక్క ర్యాము, పవర్ సప్లైతో మాత్రమే ప్రయత్నించండి. అక్కడ లేస్తే తప్పు కేబినెట్‌లో బిగించిన తీరుది.

ఫ్యాన్లు తిరుగుతాయి, తెర నలుపే

ఎక్కువమంది బెంబేలెత్తేది ఇక్కడే. గ్రాఫిక్స్ కార్డు ఉంటే మానిటర్ కేబుల్ ఆ కార్డుకే పెట్టాలి, బోర్డుకు కాదు. కార్డు కొననివాళ్ళు ప్రాసెసర్ పేరు చివర చూడండి. ఇంటెల్‌లో "ఎఫ్" అక్షరం ఉంటే దానిలో బొమ్మ చూపించే భాగమే లేదు. రైజెన్ 5000 వరుసలో "జి" ఉన్నవాటికే అది ఉంటుంది. 7000 వరుసలో ఎఫ్ రకాలు తప్ప మిగతావాటికి ఉంటుంది. ఎఫ్ రకం కాస్త చవక కనుక దుకాణదారు అదే ఇస్తాడు. కార్డు లేకుండా దానితో ఎంతసేపు కూర్చున్నా తెర వెలగదు.

బోర్డు పైమూలలో ప్రాసెసర్‌కంటూ వేరే 8 పిన్నుల ప్లగ్ ఉంటుంది. దాన్ని మరిచిపోతే ఫ్యాన్లు తిరుగుతాయి, పని జరగదు. గ్రాఫిక్స్ కార్డు ప్లగ్గు కూడా చూడటానికి ఇలాగే ఉంటుంది కానీ తీగల అమరిక వేరు. దిగకపోతే బలవంతం చేయకండి.

ర్యామ్ రెండు ముక్కలైతే ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండో గాడి, నాలుగో గాడి. ఒక్కటే అయితే మామూలుగా రెండో గాడి. రెండు చివర్లా గట్టిగా నొక్కాలి. డీడీఆర్5 ర్యామ్ వేసినవాళ్ళకు మరో మాట. మొదటిసారి ఆన్ చేసినప్పుడు బోర్డు ఆ ర్యామ్‌ను పరీక్షించుకుంటూ కొన్ని నిమిషాలు నల్లతెరతోనే ఉంటుంది. ముఖ్యంగా కొత్త ఏఎం5 బోర్డుల్లో ఇది మామూలే. పదిహేను నిమిషాలు ఓపిక పట్టండి. రెండు నిమిషాలకోసారి ఆపి మళ్ళీ వేస్తే ఆ పరీక్ష మొదటికొస్తుంది.

ఇప్పటి బోర్డులు చాలావాటిలో సీపీయూ, డీర్యామ్, వీజీఏ, బూట్ అని నాలుగు చిన్న దీపాలుంటాయి. ఏది వెలిగి ఆగిపోతే చిక్కు అక్కడుంది. డీర్యామ్ దగ్గర ఆగితే ఒక్కో ముక్కతో, గాడి మార్చి చూడండి. సీపీయూ దగ్గర ఆగితే బోర్డులోని బయోస్ ఆ ప్రాసెసర్‌కన్నా పాతదై ఉండవచ్చు. దుకాణంలో చాలాకాలం నిలవున్న బోర్డులతో ఇది జరుగుతుంది. వెనక ఫ్లాష్‌బ్యాక్ బటన్ ఉన్న బోర్డైతే, కంపెనీ వెబ్‌సైట్ నుంచి తెచ్చిన కొత్త ఫైలును పెన్‌డ్రైవ్‌లో పెట్టి ప్రాసెసర్ అవసరం లేకుండానే మార్చుకోవచ్చు. ఏమీ అర్థం కాకపోతే ప్లగ్ పీకి, సీఆర్2032 గుండ్రని బ్యాటరీని ఐదు నిమిషాలు తీసి పెట్టి మళ్ళీ ప్రయత్నించండి.

సాకెట్ లోపలి పిన్నులు వంగి ఉంటే వేలు పెట్టవద్దు. ఫోన్ కెమెరాతో దగ్గరగా ఫొటో తీసి ఆగండి.

కాసేపు నడిచి ఆరిపోతే

కూలర్ అడుగున అంటించి వచ్చే పల్చని ప్లాస్టిక్ పొర తీశారా? బయోస్‌లో ఏ పనీ లేకుండానే వేడి 80 డిగ్రీలు దాటి పైకి పోతుంటే కూలర్ సరిగా ఆనలేదు.

కరెంటు పోయిన క్షణంలోనే ఆరిపోతుంటే చూడాల్సింది ఇంటి ఇన్వర్టర్. పవర్ సప్లై తన నిల్వతో సెకనులో అరవయ్యో వంతు కాలం మాత్రమే నిలుస్తుంది. ఇన్వర్టర్ వెనక యూపీఎస్ మోడ్ అనే స్విచ్ ఉంటే అటు మార్చండి, బ్యాటరీకి మారడం త్వరగా జరుగుతుంది.

బోర్డు పేరు కనబడి "బూట్ డివైస్ లేదు" అంటే సంతోషించండి, యంత్రం బాగుంది. కొత్త ఎస్ఎస్‌డీ ఖాళీగా ఉంది, అంతే. మరో కంప్యూటర్‌లో 8 జీబీ పెన్‌డ్రైవ్‌కు విండోస్ ఎక్కించుకు రావాలి. విండోస్ 11కు బయోస్‌లో టీపీఎం 2.0 ఆన్‌లో ఉండాలి. పనిలో పనిగా సెట్టింగ్స్‌లో తెలుగు కీబోర్డు కూడా చేర్చుకోండి. ఇంట్లో తెలుగు మాట్లాడి బడిలో తమిళం రాసే మన పిల్లలకు అది చేతికందేచోట ఉండటం మంచిదే.

ఏ భాగమో తేలక దుకాణానికి బయలుదేరేముందు, సాత్తూరులోనో పక్క వీధిలోనో తెలిసినవాళ్ళ దగ్గర అదే రకం ర్యామో పవర్ సప్లైయో అరువు తెచ్చి మార్చి చూడండి. చెన్నైకి 500 కిలోమీటర్ల పైనే. ఒకటే హెచ్చరిక: ఊడదీసే కేబుళ్ళున్న పవర్ సప్లై అయితే దాని కేబుళ్ళతో సహా తేవాలి. ఒక కంపెనీ కేబుల్ మరొకదానికి పెడితే ప్లగ్ దిగినా లోపలి తీగల వరుస వేరై భాగాలు కాలిపోతాయి.

వారంటీ ఒక్కో భాగానికీ దాని కంపెనీతో విడివిడిగా ఉంటుంది, కాబట్టి బిల్లులు, అట్టపెట్టెలు పారేయకండి. ఆన్‌లైన్‌లో కొన్నవాటిని వాపసు ఇవ్వడానికి గడువు కొద్ది రోజులే, అందుకే భాగాలన్నీ చేరగానే బిగించి చూడాలి. ప్రాసెసర్ పెట్టేముందు సాకెట్ ఫొటో తీసి ఉంచుకుంటే, పిన్నులు మీరే వంచారని ఎవరైనా అన్నప్పుడు చూపించడానికి ఉంటుంది. ఏ దీపం దగ్గర ఆగింది, ఏది మార్చి చూశారు అన్నది తేదీతో ఒక కాగితం మీద రాసి బిల్లుతో పాటు పట్టుకెళ్ళండి.