పాత వాహనానికి మారుతాళం: తయారీ, ప్రోగ్రామింగ్

మారుతాళం అంటే అసలు తాళంతో పాటు అదనంగా ఉంచుకునే తాళం చెవి. కొత్త బండితో కంపెనీ సాధారణంగా రెండు తాళాలు ఇస్తుంది. సెకండ్ హ్యాండ్‌లో కొన్నప్పుడు చాలాసార్లు ఒక్కటే చేతికొస్తుంది. రెండోది ఎక్కడో పడిపోయి ఉండవచ్చు, పాత యజమాని ఇంట్లోనో ఫైనాన్స్ ఆఫీసు బీరువాలోనో ఉండిపోయి ఉండవచ్చు. ఇలాంటి బండికి మారుతాళం చేయించడంలో మూడు పనులున్నాయి: తాళానికి పళ్లు కోయించడం, అందులోని చిప్‌ను బండి కంప్యూటర్‌లో నమోదు చేయించడం, పాత తాళాల నమోదు తీసేయించడం. మూడో పనిని చాలామంది వదిలేస్తారు. కొన్నవారి భద్రతకు అన్నిటికన్నా ముఖ్యమైనది అదే.

అద్దంకి ప్రాంతంలో

గుండ్లకమ్మ ఒడ్డునున్న అద్దంకి, నార్కట్‌పల్లి–అద్దంకి–మేదరమెట్ల రహదారి మీది పట్టణం. చుట్టుపక్కల ఊళ్లలో మిర్చి, పత్తి, పొగాకు పండుతాయి. బల్లికురవ, సంతమాగులూరు మండలాల్లో గ్రానైట్ క్వారీలున్నాయి. ట్రాక్టర్లు, లారీలు, టాటా ఏస్‌లు, బైకులు తిరగకపోతే ఇక్కడ పని సాగదు. మిర్చి టిక్కీలు గుంటూరు యార్డుకు చేరవేయాల్సిన రోజున తాళం పోయి బండి నిలిచిపోతే కిరాయి పోతుంది, ఒక్కోసారి ఆ రోజు ధర కూడా తప్పిపోతుంది.

ఇక్కడి ఇళ్లలో మూడు రకాల తాళాలు కనిపిస్తాయి. ట్రాక్టర్లకు, పాత లారీలకు, చాలా బైకులకు ఉండేది ఉత్త ఇనుప తాళం. తాళాలు చేసేవారు నమూనా చూసి దాన్ని కోస్తారు, కోయగానే పనిచేస్తుంది. గత రెండు దశాబ్దాల్లో వచ్చిన కార్లలో ఎక్కువ వాటికి చిప్ తాళం ఉంటుంది. బటన్ నొక్కితే స్టార్టయ్యే కార్లకు, 2023లో వచ్చిన హోండా యాక్టివా హెచ్-స్మార్ట్ వంటి స్కూటర్లకు స్మార్ట్ కీ ఉంటుంది. ప్రోగ్రామింగ్ అవసరమయ్యేది ఈ చివరి రెండింటికే.

చిప్ తాళం పనిచేసే తీరు

చిప్ తాళం పిడిలో, ప్లాస్టిక్ కింద, గోరంత నల్లటి ముక్కో చిన్న గాజు గొట్టమో ఉంటుంది. అదే ట్రాన్స్‌పాండర్. దానికి బ్యాటరీ ఉండదు. ఇగ్నిషన్ రంధ్రం చుట్టూ రాగి తీగ చుట్ట ఒకటి ఉంటుంది. తాళం పెట్టి తిప్పగానే ఆ చుట్ట 125 లేదా 134 కిలోహెర్ట్జ్ దగ్గర అయస్కాంత తరంగాన్ని పంపుతుంది. ఆ శక్తితోనే చిప్ మేల్కొని తన గుర్తింపు చెబుతుంది. గుర్తింపు సరిపోతే ఇంజన్ కంప్యూటర్ డీజిల్‌నో పెట్రోల్‌నో వదులుతుంది. సరిపోకపోతే సెల్ఫ్ తిరిగినా బండి అందుకోదు, లేదా స్టార్టయిన వెంటనే ఆగిపోతుంది. కొన్ని మోడళ్లలో సెల్ఫ్ కూడా తిరగదు. డ్యాష్‌బోర్డు మీద తాళం గుర్తు మిణుకుమిణుకుమంటుంది. ఈ ఏర్పాటు పేరు ఇమ్మొబిలైజర్. మారుతి కార్లలో దీన్ని ఐ-క్యాట్స్ అంటారు.

తలుపులు తెరిచే రిమోట్ వేరు. మన దేశంలోని చాలా కార్లలో అది 433.92 మెగాహెర్ట్జ్ దగ్గర పనిచేస్తుంది, దానికి సీఆర్2032 వంటి బిళ్ల బ్యాటరీ కావాలి. అందుకే రిమోట్ బ్యాటరీ అయిపోయినా మామూలు చిప్ తాళంతో బండి స్టార్టవుతుంది. పగిలిన పిడికి కొత్త కవర్ వేయించినప్పుడు పాత కవర్‌లో చిప్ ఉండిపోతే, రిమోట్ పనిచేసి తలుపులు తెరుచుకుంటాయి గాని ఇంజన్ మాత్రం అందుకోదు. కవర్ మార్చేటప్పుడు చిప్ కొత్తదాంట్లోకి వచ్చిందో లేదో కళ్లారా చూసుకోవాలి.

చరిత్ర

అమెరికాలో జనరల్ మోటార్స్ 1986 కొర్వెట్ కారు తాళంలో చిన్న రెసిస్టర్‌ను అమర్చి, దాని విలువ సరిపోతేనే ఇంజన్ కదిలేలా చేసింది. రేడియో చిప్‌లు 1990ల్లో వచ్చాయి. యూరప్‌లో అమ్మే కొత్త కార్లకు 1998 నుంచి, ఆస్ట్రేలియాలో 2001 నుంచి, కెనడాలో 2007 నుంచి ఇమ్మొబిలైజర్ తప్పనిసరి అయింది. దీనివల్ల నెదర్లాండ్స్‌లో 1995–2008 మధ్య కార్ల దొంగతనాలు దాదాపు 40 శాతం తగ్గాయని అక్కడి ఆర్థికవేత్తలు యాన్ వాన్ ఔర్స్, బెన్ వొలార్డ్ లెక్కగట్టారు. తొలి చిప్‌ల రహస్య సంకేతాలు బలహీనమైనవే. 40 బిట్ల సంకేతం వాడిన ఒక రకాన్ని 2005లో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఛేదించి చూపారు. తర్వాతి తరాల్లో సంకేతాలను బలపరిచారు.

తయారీ, ప్రోగ్రామింగ్

మొదట పళ్లు కోస్తారు. కొత్త బండితో వచ్చే చిన్న బిళ్ల మీద తాళం నంబరు ఉంటుంది. అది ఉంటే అరిగిన తాళాన్ని నమూనాగా పెట్టాల్సిన పని లేదు. పదేళ్లు వాడిన తాళం చూసి కోస్తే ఆ అరుగుదల కూడా కొత్తదానికి వస్తుంది. అందుకే పాత బండి కొనేటప్పుడు ఆ బిళ్ల కోసం అడగాలి.

తర్వాత చిప్‌కు రెండు దారులున్నాయి. మొదటిది క్లోనింగ్: పాత చిప్ గుర్తింపునే కొత్త చిప్‌లోకి కాపీ చేస్తారు. బండిని తాకే పని లేదు. కానీ రెండు తాళాలూ బండికి ఒకే తాళంలా కనిపిస్తాయి కాబట్టి, వాటిలో ఒకటి పోతే దాన్నొక్కదాన్నే రద్దు చేయడం కుదరదు. రెండోది ప్రోగ్రామింగ్: స్టీరింగ్ కింది 16 పిన్నుల ఓబీడీ సాకెట్‌కు స్కానర్ తగిలించి, బండి భద్రతా పిన్ కోడ్ ఇచ్చి, కొత్త చిప్‌ను విడిగా నమోదు చేస్తారు. పిన్ కోడ్‌ను కంపెనీ సర్వీస్ సెంటర్ వారు ఛాసిస్ నంబరు ఆధారంగా తెప్పిస్తారు. కొన్ని ఫోర్డ్ కార్లలో నమోదైన తాళాలు రెండు చేతిలో ఉంటే, స్కానర్ లేకుండానే వాటిని వరుసగా తిప్పి మూడోదాన్ని చేర్చవచ్చు. ప్రోగ్రామింగ్ చేసేంతసేపూ బండి బ్యాటరీ నిండుగా ఉండాలి. మధ్యలో వోల్టేజీ పడిపోతే కంట్రోల్ యూనిట్ దెబ్బతినవచ్చు.

ఉన్న తాళాలన్నీ పోతే ఖర్చు, శ్రమ రెండూ పెరుగుతాయి. కొన్ని మోడళ్లలో ఇమ్మొబిలైజర్ యూనిట్‌ను విప్పి మెమరీ చదవాల్సి వస్తుంది, మరికొన్నింటిలో యూనిట్ మార్చాల్సి వస్తుంది. షెవర్లే అమ్మకాలు 2017 చివరికి మన దేశంలో ఆగిపోయాయి. ఇక్కడ తయారీ ఆపుతున్నట్టు ఫోర్డ్ 2021లో ప్రకటించింది. ఇలాంటి కార్లు కొన్నవారు ఒక తాళం చేతిలో ఉండగానే రెండోది చేయించుకోవడం మేలు.

పాత తాళాల తొలగింపు

కొత్త తాళం చేర్చినంత మాత్రాన పాతవి రద్దు కావు. పాత యజమాని, అతని డ్రైవరు, మధ్యవర్తి, మెకానిక్ ఎవరి దగ్గర తాళం మిగిలినా అది పనిచేస్తూనే ఉంటుంది. కాబట్టి స్కానర్ తగిలించినప్పుడు ముందు ఎన్ని తాళాలు నమోదై ఉన్నాయో తెర మీద చూపించమని అడగాలి. ఆ సంఖ్య అన్ని మోడళ్లలోనూ కనిపించదు. తర్వాత అన్నిటినీ తీసేయించి, చేతిలో ఉన్నవాటినే మళ్లీ నమోదు చేయించాలి. తమ తాళాలన్నీ ఆ సమయంలో దగ్గరుండాలి, ఇంట్లో మరిచిపోయినదీ రద్దవుతుంది.

అయినా తొలగించిన తాళం పళ్లు డోరును తెరుస్తూనే ఉంటాయి. ఇంజన్ కదలదు గాని లోపలి వస్తువులకు రక్షణ ఉండదు. అనుమానం గట్టిగా ఉంటే లాక్ సెట్ మార్చుకోవాలి. ఉత్త ఇనుప తాళమున్న ట్రాక్టరుకైతే లాక్ మార్చడం ఒక్కటే దారి.

పత్రాలు, చట్టం

మోటారు వాహనాల చట్టం 1988లోని 50వ సెక్షన్ ప్రకారం, ఒకే రాష్ట్రంలో బండి చేతులు మారితే అమ్మినవారు 14 రోజుల్లో, కొన్నవారు 30 రోజుల్లో రవాణా అధికారులకు తెలపాలి. ఇందుకు ఫారం 29, ఫారం 30 వాడతారు. నార్కట్‌పల్లి రోడ్డు మీదుగా తెలంగాణ నుంచి వచ్చిన బండికైతే అక్కడి అధికారుల నిరభ్యంతర పత్రం కూడా కావాలి. ఆర్సీ తన పేరుకు మారితే సర్వీస్ సెంటర్‌లో పిన్ కోడ్ అడగడానికి ఇబ్బంది ఉండదు. తాళం చేసేవారు కూడా ఆర్సీ, గుర్తింపు కార్డు చూడకుండా చిప్ తాళం చేయకూడదు. ఆ జాగ్రత్త బండి యజమానికే రక్షణ.

ఫైనాన్స్ బండ్ల విషయంలో కొందరు ఫైనాన్షియర్లు రెండో తాళం తమ దగ్గరే ఉంచుకుంటారు. అప్పు తీరాక నిరభ్యంతర పత్రం, ఫారం 35తో పాటు ఆ తాళాన్నీ తప్పకుండా తీసుకోవాలి. బండి దొంగతనానికి గురైతే బీమా కంపెనీలు ఎఫ్ఐఆర్, ఆర్సీలతో పాటు తాళాలన్నీ అడగడం మామూలు. ఒక్కటే ఉంటే రెండోది ఏమైందో వివరణ ఇవ్వాల్సి వస్తుంది. అందువల్ల తాళం పోయిన రోజే పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు ఇచ్చి నకలు దాచుకోవాలి. పాత బండి ఒక్క తాళంతో వచ్చిందని అమ్మకపు ఒప్పంద పత్రంలో రాయించుకుంటే తర్వాత ఆ ప్రశ్నకు జవాబు సిద్ధంగా ఉంటుంది. కొత్త తాళం చేయించిన బిల్లును, నంబరు బిళ్లను బండిలో కాకుండా ఇంట్లో ఆర్సీ నకలుతో కలిపి ఉంచాలి.