ఒప్పుకుంటే సరిపోయిందా?

మావాడు స్కూలు నుంచి రావడం ఓ పావుగంట ఆలస్యమైతే చాలు, నా కలం కాగితం మీద కదలదు. వీధి గుమ్మంలోకీ వంటింట్లోకీ తిరుగుతూ ఉంటాను. "గ్రౌండులో ఆడుకుంటున్నానమ్మా, నన్నెవరెత్తుకుపోతారు?" అని నవ్వుతాడు వాడు, బూట్ల మట్టంతా హాల్లో దులుపుతూ. వాడికి 14 ఏళ్లు. ఎవరూ ఎత్తుకుపోలేనంత పెద్దవాణ్ణయిపోయానని వాడి నమ్మకం.

మొన్నో సాయంత్రం నేనలా కాలుగాలిన పిల్లిలా తిరుగుతూంటే, పేపరు చదువుతున్న మా అత్తగారు, "చూశావుటే అమ్మాయ్, ఎవడో హంతకుడు కోర్టులో నేనే చేశానని ఒప్పేసుకున్నాడట. ఇంక సాక్షులెందుకు, వాదనలెందుకు, శిక్ష వేసెయ్యక!" అన్నారు.

మావారు కాఫీ కప్పులోంచి తలెత్తారు. "వాడంతట వాడు ఒప్పుకున్నాడంటే వెనకాల ప్లీడరు ఎత్తేదో ఉండే ఉంటుందమ్మా."

అంట్లు తోముతున్న పనమ్మాయి పెరట్లోంచే, "భయపడిపోయుంటాడులెండి పాపం" అంది.

ముద్దాయి పలికింది ఒక్క మాట. మా ఇంట్లోనే దానికి మూడర్థాలు పుట్టాయి. ఒకరికి తొందర, ఒకరికి అనుమానం, ఒకరికి జాలి. డిగ్రీలో చరిత్ర చదువుకున్న పాపానికి నాకు పాలు పొంగినా ఏదో ఒక సంవత్సరం గుర్తొస్తుంది. ఆ సాయంత్రం 1924 గుర్తొచ్చింది. అమెరికాలో చికాగో నగరం ఆ ఏడాది వేసవంతా ఈ మూడర్థాల మధ్యే కొట్టుకులాడింది.

మే 21, బుధవారం. బాబీ ఫ్రాంక్స్ అనే కుర్రాడు స్కూలయ్యాక బేస్‌బాల్ ఆటకి అంపైరుగా నిలబడి, సాయంత్రం ఇంటికి నడిచి వస్తున్నాడు. వాడికీ 14 ఏళ్లే. దారిలో ఒక కారు పక్కనే ఆగింది. అందులో ఉన్నది కొత్తవాళ్లు కారు. ఒకడు రిచర్డ్ లోబ్, 18 ఏళ్లవాడు, బాబీకి వరసకి అన్న. వాళ్లింట్లో టెన్నిస్ ఆడుకోవడానికి బాబీ తరచూ వెళ్తూండేవాడు. రెండోవాడు నేథన్ లియొపోల్డ్, వయసు 19. టెన్నిస్ రాకెట్ గురించి మాట్లాడాలి రమ్మంటే ఏ పిల్లవాడు ఎక్కడు చెప్పండి? బాబీ ఎక్కాడు. ఆ కారులోనే వాడి ప్రాణం పోయింది.

ఆ రాత్రి తండ్రి కొడుకుని వెతుక్కుంటూ వీధిలో ఉండగా ఇంట్లో టెలిఫోను మోగింది. తల్లి ఫ్లోరా తీసింది. మీ అబ్బాయిని ఎత్తుకొచ్చాం, క్షేమంగానే ఉన్నాడు, సంగతి రేపు తెలుస్తుంది అన్నాడొకడు. ఆవిడ అక్కడే స్పృహ తప్పి పడిపోయింది. అప్పటికే పిల్లవాడు లేడు. మర్నాడు 10,000 డాలర్లు అడుగుతూ ఉత్తరం వచ్చింది. తండ్రి డబ్బు సిద్ధం చేసుకుని కూర్చున్నాడు. ఇంతలో ఊరి చివర రైలు కట్ట కింద తూములో శవం దొరికిందన్న కబురు వచ్చింది.

లోబ్ తండ్రి సియర్స్ రోబక్ అనే పెద్ద వ్యాపార సంస్థలో ఉపాధ్యక్షుడు. లియొపోల్డ్ తండ్రీ లక్షాధికారే. పిల్లలిద్దరూ చిన్న వయసులోనే డిగ్రీలు పుచ్చుకున్న మేధావులు. వాళ్లకి 10,000 డాలర్లు ఒక లెక్కలోది కాదు. ఎవరికీ దొరక్కుండా ఒక నేరం చేసి చూపించాలన్నదే వాళ్ల సరదా. ఆ సరదా పది రోజులు కూడా నిలవలేదు. శవం దగ్గర ఒక కళ్లజోడు దొరికింది. అలాంటి బందు ఉన్న జోళ్లు ఊరు మొత్తం మీద అమ్మినవి మూడే మూడు. అందులో ఒకటి లియొపోల్డ్‌ది. నెలాఖరుకల్లా ఇద్దరూ పోలీసుల దగ్గర నోరు విప్పేశారు.

ఈ పది రోజుల్లో జనం ఏం చేశారో కూడా చెప్పుకోవాలి. డబ్బడిగిన ఉత్తరంలో ఇంగ్లీషు మరీ చక్కగా ఉంది. అంత చక్కటి ఇంగ్లీషు ఎవరు రాస్తారు, బడిపంతుళ్లు కాక! బాబీ చదివే స్కూల్లో మేష్టర్లని పట్టుకుపోయారు. పోలీసులు కొట్టారు. ఊరు ఔనంటే ఔనంది. వాళ్లు ఏ పాపమూ ఎరగరని తేలాక, అదే ఊరు అంతే నమ్మకంతో ఇంకోవైపు తిరిగింది. మనమూ ఇంతేగా!

అసలు ముద్దాయిలు దొరికాక వేడి మరీ పెరిగింది. కోటీశ్వరుల పిల్లలు కాబట్టి డబ్బు వెదజల్లి బయటపడతారన్నారు. క్లారెన్స్ డారో అనే 67 ఏళ్ల ప్లీడరు వకాల్తా పుచ్చుకోగానే ఆయన ఫీజు పదిలక్షల డాలర్లని పుకారు లేచింది. ఉరిశిక్షని జీవితమంతా వ్యతిరేకించిన మనిషాయన. బీదవాళ్ల తరఫున, కార్మికుల తరఫున వాదించి పేరు తెచ్చుకున్నవాడు. ఈయన కూడా అమ్ముడుపోయాడా అని అభిమానులే ముక్కున వేలేసుకున్నారు. ఫీజు ఎంతో బార్ అసోసియేషన్ పెద్దలే నిర్ణయిస్తారని తండ్రులు ప్రకటన ఇచ్చినా వినిపించుకున్నవాళ్లెవరు? చివరికి ఆయనకి ముట్టింది లక్ష డాలర్లకి లోపే.

చికాగో ట్రిబ్యూన్ అధిపతి ఏకంగా వియన్నాలో ఉన్న ఫ్రాయిడ్‌కి, 25,000 డాలర్లిస్తాం, వచ్చి ఈ కుర్రాళ్ల మనసుల్లో ఏముందో చెప్పమని కబురు పెట్టాడు. ఆయన రానన్నాడు. విచారణంతా రేడియోలో వినిపించమంటారా అని ఆ పత్రికే పాఠకుల్ని అడిగింది. ఇక్కడ మాత్రం జనాన్ని మెచ్చుకోవాలి. పిల్లలు వినే రేడియోలో ఇదంతా వద్దు బాబూ అన్నవాళ్లే ఎక్కువమంది. పత్రిక ఊరుకుంది.

ఊరంతా జూరీ ముందు జరగబోయే పెద్ద యుద్ధం కోసం ఎదురుచూస్తోంది. జులై 21న డారో లేచి నిలబడి, మా వాళ్లిద్దరూ నేరం ఒప్పుకుంటున్నారన్నాడు. హత్య, ధనం కోసం అపహరణ, రెండు ఆరోపణలూ ఒప్పుకుంటున్నామన్నాడు. కోర్టు నిర్ఘాంతపోయింది. ప్రాసిక్యూటరు రాబర్ట్ క్రో కూడా ఊహించలేదు.

ఇందులో మావారు చెప్పిన ఎత్తు ఉంది. ఉన్నమాట ఒప్పుకోవాలి. వాదనకి దిగితే 12 మంది జూరీ కూర్చుంటారు. ఆ ఊళ్లో ఆ వేసవిలో ఏ పన్నెండుమందిని కూర్చోబెట్టినా ఉరి తప్పదని డారోకి తెలుసు. నేరం ఒప్పుకుంటే జూరీ ఉండదు. జడ్జి ఒక్కడే శిక్ష నిర్ణయించాలి. పన్నెండుమంది కలిసి ఉరి వేసినప్పుడు, నాదేముంది, మిగతా పదకొండుమందీ అన్నారు కదా అని ప్రతివాడూ సర్దిచెప్పుకోవచ్చు. ఒక్కడే అయితే ఆ బరువంతా తన భుజం మీదే. మరి రెండు ఆరోపణలూ ఎందుకు ఒప్పుకున్నట్టు? ఆ రెండింటికీ ఉరే శిక్ష. ఒకటి ఒప్పుకుని రెండోది వదిలేస్తే, దాన్ని పట్టుకుని క్రో ఇంకో జూరీ దగ్గరికి పోగలడు. అందుకని ఆ తలుపూ మూసేశాడు.

జనానికి మండిపోయింది. ఒప్పుకున్నారు కదా అని శాంతించినవాళ్లు తక్కువ. తమ చేతిలోని తాడు ఎవరో లాగేసుకున్నట్టు బాధపడినవాళ్లే ఎక్కువ. కోర్టులో ఆ కుర్రాళ్లిద్దరూ గుసగుసలాడుకోవడం, నవ్వుకోవడం రోజూ పత్రికల్లో వచ్చేది. నోటితో ఒప్పుకున్నారు, మొహంలో ఏదీ? జనం వెతుక్కున్నది అదే. చట్టం అడిగేది "చేశావా?" అని. జనం అడిగేది "ఏడ్చావా?" అని. ఈ రెండు ప్రశ్నలకీ ఒకే జవాబు దొరకాలనుకోవడంలోనే పేచీ అంతా ఉంది.

మా అత్తగారి ప్రశ్నకి జవాబు కూడా ఇక్కడే దొరుకుతుంది. ఒప్పుకున్నాక కూడా ఆ కోర్టు దాదాపు నెలరోజులు సాక్ష్యాలు వింది. క్రో 80 మందికి పైగా సాక్షుల్ని తెచ్చాడు. డారో మానసిక వైద్యుల్ని తెచ్చాడు. నిజానికి మన దేశంలోనూ హత్యకేసులో ముద్దాయి ఒప్పుకున్నంత మాత్రాన జడ్జి ఆ మాట పుచ్చుకుని తీరాలని లేదు. సాక్ష్యం వినడమే మేలంటారు పెద్దలు. మా పనమ్మాయి అన్నట్టు భయపడి ఒప్పుకునేవాళ్లుంటారు. ఇంకొకరిని కాపాడ్డానికి ఒప్పుకునేవాళ్లుంటారు. నిజం మొత్తం బయటికి రాకుండా సగంలోనే తెర దించెయ్యాలని ఒప్పుకునేవాళ్లూ ఉంటారు.

ఆ సాక్షుల్లో బాబీ తల్లి కూడా ఉంది. చేసినవాళ్లు చేశామన్నాక ఆవిడ సాక్ష్యంతో నిరూపించాల్సింది ఏముంది? అయినా వచ్చి కూర్చుని, కొడుకు వేసుకున్న వస్తువులు చూపిస్తే, అవును, మావాడివే అని చెప్పింది. ఆవిణ్ణి పిలిచి ఆ బట్టలు చూపించడం దయలేని పనని నాకు మొదట అనిపించింది. తరవాత ఆలోచిస్తే ఇంకోలా తోచింది. ఆ నెలరోజుల్లో ముద్దాయిల చిన్నతనం, వాళ్లని పెంచిన ఆయా, వాళ్ల కలలు, వాళ్ల గ్రంథులు, అన్నీ కోర్టులో గంటల తరబడి చర్చకి వచ్చాయి. బాబీ అనే పిల్లవాడొకడుండేవాడని ఆ గదిలో గుర్తుచేసింది ఆ బట్టలే.

ఆగస్టు చివర్లో డారో మూడు రోజులపాటు వాదించాడు. వినడానికి జనం తోసుకుని తలుపుల మీద పడ్డారు. అతణ్ణి తిట్టుకున్నవాళ్లే అతని మాటలకి కళ్లు తుడుచుకున్నారు. చికాగోలో నేరం ఒప్పుకున్న 23 ఏళ్లలోపు వాణ్ణెవరినీ ఇంతవరకూ ఉరి తీయలేదన్నది అతని పట్టు. క్రో తన వంతు వచ్చినప్పుడు, జడ్జి తమకి అనుకూలుడని ముద్దాయి అనుకున్నాడన్న అర్థం వచ్చేలా ఒక మాట తగిలించాడు. వీధిలో తిరుగుతున్న పుకారు అలా కోర్టులోకి నడిచొచ్చింది. జాన్ కావర్లీ అనే ఆ జడ్జి మండిపడి, ఆ మాట రికార్డులోంచి కొట్టెయ్యమన్నాడు. అప్పటికే ఆయనకి బెదిరింపులు వస్తున్నాయి.

సెప్టెంబరు 10న తీర్పు. హత్యకి యావజ్జీవం, అపహరణకి 99 ఏళ్లు. ఉరి లేదు.

ఆ తీర్పులో నన్ను ఆశ్చర్యపరిచిన ముక్క ఒకటుంది. నేరం ఒప్పుకున్నందుకు ఆయన వాళ్లకి ప్రత్యేకంగా ఏ రాయితీ ఇవ్వలేదు. ప్రభుత్వం చేతిలో సాక్ష్యమంతా ముందే ఉంది కాబట్టి ఆ ఒప్పుకోలుకి విలువ లేదని స్పష్టంగా రాశాడు. ఆయన్ని ఆపింది వాళ్ల వయసు. అంత లేత వయసువాళ్లని ఇల్లినాయ్ చరిత్రలో రెండుసార్లే ఉరితీశారనీ, ఆ లెక్క పెంచడం తనకిష్టం లేదనీ అన్నాడు. పైగా అలాంటివాళ్లకి ఉరికన్నా ఏళ్ల తరబడి జైలే పెద్ద శిక్ష కావచ్చన్నాడు. డబ్బే గెలిచిందని సగం దేశం తిట్టిపోసింది. ఇన్నాళ్లకైనా చట్టం మనిషిలా మాట్లాడిందని కొందరు సంతోషించారు.

జడ్జి మాటే నిజమైంది. లోబ్‌ని 1936లో జైల్లోనే ఇంకో ఖైదీ చంపేశాడు. లియొపోల్డ్ 33 ఏళ్లకి పైగా జైల్లో ఉండి 1958లో విడుదలయ్యాడు. వదలొచ్చునా కూడదా అని జనం మళ్లీ రెండుగా చీలారు. వదలమని సాక్ష్యం చెప్పినవాళ్లలో కవి కార్ల్ శాండ్‌బర్గ్ ఉన్నాడు. లియొపోల్డ్ పోర్టోరికో వెళ్లి ఆస్పత్రిలో పనిచేసి, పెళ్లి చేసుకుని, 1971లో పోయాడు. ఇల్లినాయ్ రాష్ట్రంలో ఉరిశిక్షే 2011లో రద్దయింది.

ఇదంతా ఆ సాయంత్రం మా అత్తగారికి చెప్పాను. ఆవిడ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ శ్రద్ధగా విన్నారు. ఆ కేసుని నాటకంగా రాశారనీ, హిచ్‌కాక్ సినిమా తీశాడనీ, నవల వచ్చిందనీ చెప్పాను. చరిత్రలో అది లియొపోల్డ్-లోబ్ కేసుగా మిగిలిందనీ చెప్పాను.

"అదేమిటే? చంపినవాళ్ల పేరు పెట్టారా?" అన్నారావిడ.

నేను జవాబు చెప్పేలోగానే ఇంకో ప్రశ్న. "ఆ తల్లి ఏమైందే?"

నేను తడబడ్డాను. నేను చదివిన పుస్తకాల్లో డారో ఉపన్యాసానికి పేజీలకి పేజీలున్నాయి. లియొపోల్డ్ పక్షుల గురించి రాసిన రాతలకీ చోటుంది. ఫోను దగ్గర పడిపోయిన ఆ తల్లికి దక్కింది కొద్ది పంక్తులే. ఆ వేసవిలో కోపగించుకున్నవాళ్లు, అనుమానించినవాళ్లు, జాలిపడినవాళ్లు అందరూ చూసింది బోనులో ఉన్న ఇద్దర్నీ. రచయిత్రినన్న పేరు పెట్టుకుని నేను మాత్రం చేసిందేమిటి? గంటసేపు వాళ్ల కథే చెప్పాను.

గేటు చప్పుడైంది. మావాడు వచ్చాడు, బూట్ల నిండా మట్టి. ఆలస్యమైనందుకు తిట్లు తప్పవని గుమ్మంలోనే నిలబడి, "సారీ అమ్మా, నాదే తప్పు, ఒప్పుకుంటున్నా" అన్నాడు చేతులెత్తి.

మా అత్తగారు నావైపు చూశారు. నేనేమీ అనలేకపోయాను. వెళ్లి వాడి భుజాన ఉన్న సంచీ అందుకున్నాను.